లీడరమ్మ

ఎదురింటి మెహరాజ్ తన కళ్లతో చూసినట్టే చెప్పిందట. చెప్పింది జైబున్నీసాకు కాదు, మంచినీళ్ల టిన్నులు పట్టే చోట వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు. ఆ వరసలో ఉన్న ఒకావిడ ఆ కబురును మూటగట్టుకుని వచ్చి, బజారులో గోంగూర బేరమాడుతున్న జైబున్నీసా చెవిలో విప్పింది. కరీముల్లా కూతురు కాలేజీలో ఏదో కరెంటు పెట్టె చేసిందట. వత్సవాయి అవతల ఒక రైతు పొలంలో బిగించిందట. దాన్ని ముట్టుకున్న మనిషి ముట్టుకున్నట్టే మాడి చచ్చిపోయాడట. పోలీసులు చిల్లకల్లు దాకా వచ్చేశారట, టీ తాగి బయలుదేరడమే ఆలస్యమట.

"పోలీసుల చేత టీ కూడా తాగించింది మహాతల్లి," అంది జైబున్నీసా, గోంగూర కట్టలు గుమ్మంలోనే పడేసి. "దాని నోట్లో పడితే బతికినోడికి కూడా చావు తప్పదు."

ఆ పొలంలో పాలేరు డేవిడ్‌రాజు చచ్చిపోలేదు. బెజవాడ ఆసుపత్రిలో కుడిచేతికి మోచేయి దాకా కట్టుతో ఉన్నాడు. రెండు వేళ్లు తీసేశారు. మూడో వేలి సంగతి చూసి చెబుతామన్నారు.

రేహానా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని ఆ వీపే చెబుతోంది.

"లెయ్యి. రాత్రి కూడా ఏమీ తినలా. నువ్వు అన్నం మీద అలిగితే ఆ అబ్బాయికి వేళ్లు మొలుస్తాయా?"

"నన్నొదిలెయ్యమ్మా."

"నేను వదుల్తాను. ఊరు వదలాలి గదా." జైబున్నీసా కింద కూలబడి గోంగూర తుంచడం మొదలెట్టింది. ఆకు కంటే కాడే ఎక్కువ పడుతోంది గిన్నెలో. "నాకొకటి చెప్పవే. ఆ పొలం మొహం నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదు."

"పెట్టె బిగించేప్పుడు ఉన్నావా?"

"రావొద్దన్నారు. ఎండ, నీడ లేదు, ఆడపిల్లవి ఎక్కడ కూర్చుంటావ్ అన్నారు. నాన్న కూడా వద్దన్నాడుగా."

"మరి అందరూ నీ పేరే ఎందుకు చెప్తున్నారే?"

"లీడర్ని గదమ్మా," అంది రేహానా గోడతోనే.

ఆ మాట వెనక పెద్ద కథేం లేదు. నందిగామ దగ్గర కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు నలుగురిని ఒక జట్టుగా వేశారు. ముగ్గురు మగపిల్లలు, రేహానా. పొలాల్లో మోటారు స్టార్టర్లు ముట్టుకుని మనుషులు పోతున్నారు కదా, కరెంటు కాస్త దారి తప్పినా మోటారు దానంతటదే ఆగిపోయే పెట్టె చేద్దామన్న ఆలోచన రేహానాదే. కాగితం మీద సర్క్యూటు గీసిందీ ఆ పిల్లే. గీతలైపోయి తీగలు మొదలయ్యేసరికి పని చేతులు మారింది. సోల్డరింగ్ పట్టుకోబోతే చెయ్యి కాలుద్దన్నారు. డ్రిల్లు ముట్టుకోబోతే చున్నీ చుట్టుకుంటుందన్నారు. నువ్వు రికార్డు రాయి, పీపీటీ చెయ్యి, నీ ఇంగ్లీషు బాగుంటుందన్నారు. పొగిడినట్టే ఉంటుంది వినడానికి.

తర్వాత బెజవాడలో పెద్ద పోటీ పడింది. ఆడపిల్లలు నడిపే జట్లకు అందులో వేరే వరస ఉంది. ఫీజు లేదు, పోటీకి వచ్చేవాళ్లూ తక్కువ. ఒక్క సాయంత్రంలో రేహానా పేరు అడుగు నుంచి పైకి, లీడర్ అన్న చోటికి ఎక్కింది. మర్నాటి నుంచి ల్యాబులో ఒకటే వేళాకోళం. "లీడర్‌గారూ, ఈ జిరాక్సులు తెచ్చిపెట్టండి." "లీడర్‌గారూ, టేపు ఎక్కడ పెట్టారు?" నవ్వితే నవ్వుల్లో కలిసిపోతుందని తనూ నవ్వింది.

"ముందే చెప్పొచ్చుగా, నాకొద్దు ఈ పెత్తనమని," అంది జైబున్నీసా.

"బహుమతి వచ్చి పేపర్లో నా ఫొటో పడిన రోజు, ఆ పేపరు పట్టుకుని వీధంతా తిరిగింది ఎవరమ్మా?"

జైబున్నీసా కాడలు ఏరి అవతల పారేసింది. 

బయట కరీముల్లా ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. పొద్దుటి నుంచి ఆ బండి అడుగు కదల్లేదు, కడగాల్సినంత మురికీ లేదు. బకెట్టు బోర్లించి లోపలికి వచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"రావుగారు వస్తన్నారంట. కాస్త ఇల్లు సర్దండి."

"ఏ రావుగారు? ఆ పొలం ఆసామి తిరుపతిరావుగారా?"

"ఆయనే. అబ్బాయిని కూడా తీసుకొస్తన్నారు. ఏదో మాట్లాడాలంట."

జైబున్నీసా మొగుడి మొహంలోకి చూసింది. "ఆయన మాట్లాడాలంటే నువ్వెళ్లి ఆయన గేటు బయట నిలబడాలి గదా. ఆయన మనింటికి రావడమేంది? ఎప్పుడన్నా వచ్చాడా?"

"వచ్చే మనిషిని రావొద్దంటామా?"

"వద్దనలా. ఎందుకా అంటున్నా."

కరీముల్లా తువ్వాలును మళ్లీ చేతులకు రాసుకున్నాడు. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

తిరుపతిరావు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద మనిషి, కుర్చీ చిన్నది. వెనకే ఆయన కొడుకు నరేంద్ర, రేహానా జట్టులోవాడే. ఎప్పుడూ జుట్టు చెదరని కుర్రాడు, ఇవాళ దువ్వుకున్నట్టే లేడు. కూర్చోమన్నా కూర్చోలేదు, తలుపుకు ఆనుకున్నాడు. రేహానా లేచి చున్నీ సర్దుకుని మంచం పట్టె మీద కూర్చుంది.

"ఎలా ఉన్నాడండీ డేవిడు?" అన్నాడు కరీముల్లా.

"ప్రాణానికి భయం లేదన్నారు. నా కారులోనే వేసుకుని పోయా కరీమూ. సీటంతా..." ఆయన ఆగిపోయాడు. "చిన్నప్పట్నుంచి నా కళ్ల ముందు తిరిగినోడు. వాడికి అన్యాయం చెయ్యను. ఆసుపత్రి నాది, ఆ తర్వాత వాడి బాగోగులూ నావే. అది వేరే సంగతి."

అది వేరే సంగతి అన్నప్పుడే అసలు సంగతి ఇంకా రాలేదని ఇంట్లో అందరికీ అర్థమైంది.

"రేపు కాలేజీలో విచారణంట. బయటోళ్లు కూడా కూర్చుంటారంట. అందరి కంటే ముందు లీడర్ని పిలుస్తారు." ఆయన రేహానా వైపు తిరిగాడు. గొంతు బాగా తగ్గించాడు, సొంత కూతురితో మాట్లాడినట్టు. "నువ్వు ఒక్క ముక్క చెబితే చాలమ్మా. పెట్టెకి తాళం వేశాం, తియ్యొద్దని డేవిడుకి చెప్పాం, వాడు మాట వినకుండా తీశాడు. మీ ప్రాజెక్టు చూసే కొండలరావు సారు కూడా అలా అయితేనే అందరం బయటపడతామన్నాడు."

"పెట్టెకి తాళం లేదండీ," అంది రేహానా.

"ఇప్పుడుంది," అన్నాడు తిరుపతిరావు.

వంటింట్లో స్టవ్ మీద టీ పొంగింది. జైబున్నీసా వెళ్లలేదు. పొంగింది పొంగినట్టే మంట మీద మాడి వాసన వేసింది.

నరేంద్ర తలుపు దగ్గర్నుంచే అన్నాడు. "రేహానా, ఇది నా ఒక్కడి గురించి కాదు. ప్రాజెక్టు కొట్టేస్తే నలుగురికీ డిగ్రీ ఆగుద్ది. హైదరాబాదు ఉద్యోగం నీక్కూడా వచ్చింది. జూన్‌లో చేరాలి. మీ ఇంట్లో మొదటి ఉద్యోగం అదేనన్నావుగా."

"తీగ సంగతి మీ నాన్నకి చెప్పావా?"

నరేంద్ర నేల చూపులు చూశాడు.

"తీగేంది?" అన్నాడు కరీముల్లా.

రేహానా తండ్రి వైపు తిరిగింది. "పెట్టెలో ఒక రిలే ఉంటది నాన్నా. కరెంటు తీగలో పోకుండా నేలలోకో, మనిషిలోకో పోతంటే అది పట్టేసి టక్కున మోటారు ఆపేస్తది. ఆ పెట్టె ఉన్నదే దానికోసం. వీళ్ల పొలంలో బిగించిన దగ్గర్నుంచి అది పడి మోటారు ఆగిపోతానే ఉంది. ఎందుకు పడతందో చూడకుండా, నరేంద్ర పడకుండా చేశాడు. దానికి అడ్డంగా తీగముక్క కలిపేశాడు."

"జంపరు వేశాడా?" అన్నాడు కరీముల్లా నెమ్మదిగా.

ఆ మాట ఈ చుట్టుపక్కల ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఫ్యూజు పోతే తీగముక్క చుట్టి, దండం పెట్టుకుని స్విచ్చి వేసే ఊళ్లివి. పెట్టె పిచ్చిగా పడిపోలేదు. బోరులోకి దిగే కేబులు ఎక్కడో చర్మం లేచింది, ఆ కరెంటు ఇనప పైపులోకి, అక్కణ్ణుంచి స్టార్టరులోకి పాకుతోంది. పడిన ప్రతిసారీ పెట్టె ఆ నిజమే చెప్పింది. కుక్క ఊరికే మొరుగుతోందని మూతి కట్టేసి, ఇంక దొంగల భయం లేదని పడుకున్నట్టయింది వీళ్ల పని. మడిలో నీళ్లు మళ్లించి, తడికాళ్లతో వచ్చి డేవిడ్‌రాజు స్టార్టరు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెనక్కి రాలేదు.

"మిరపకి ఆఖరి తడి," అన్నాడు తిరుపతిరావు. ఇప్పుడాయన గొంతులో మెత్తదనం పోయింది. "కరెంటిచ్చేదే కాసేపు. ఆ కాసేపట్లో పదిసార్లు మోటారాగితే చేను ఏం కావాలి? మోటారు పైకి లాగించడమంటే మాటలా? నేనే అన్నా వీడితో, ఇంజినీరువి గదా ఏదోటి చెయ్యరా అని. చేశాడు. ఊళ్లో ఎవడు చెయ్యడు ఆ పని? వీడేమన్నా మనిషిని చంపుదామని చేశాడా?"

"కావాలని చెయ్యలేదండీ. నేనలా అన్లేదు," అంది రేహానా.

"ఇంకేం మరి?"

"కానీ డేవిడ్‌రాజు తాళం తియ్యలేదు గదండీ."

"అబ్బా!" తిరుపతిరావు మోకాలి మీద చరుచుకున్నాడు. "వాణ్ని నేను చూసుకుంటానంటున్నాగా! తప్పు వాడి మీద పడితే వాడికి పోయేదేంటి, ఉద్యోగమా, డిగ్రీయా? మీకైతే జీవితాలమ్మా. అయినా కాయితం మీద మొదటి పేరు నీదేగా. రేపు అడిగేదీ నిన్నే, అనేదీ నిన్నే. నీ మంచికే చెబుతున్నా."

జైబున్నీసా గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. చేతిలో టీ లేదు.

"పేరు మా పిల్లదేనండీ. కాదన్లా. ఆ స్క్రూడ్రైవరు ఎవరిది? ఒక్కరోజన్నా దాని చేతికిచ్చారా? బహుమతి రోజు నడిమధ్య నిలబెట్టారు, మురిసిపోయా. ఇప్పుడూ నడిమధ్యే నిలబెడుతున్నారు."

"జైబూ. లోపలికి పో," అన్నాడు కరీముల్లా.

ఆమె వెళ్లలేదు.

తిరుపతిరావు ఆమె వైపు చూడలేదు. కిటికీలోంచి బయటి ట్రాలీ వైపు చూశాడు. "మిరప కోతకొచ్చింది కరీమూ. మా బస్తాలే కాదు, మా బావమరిది వాళ్లవి కూడా ఈసారి నీ బండికే చెప్పా. కోల్డు స్టోరేజీ దాకా." బెదిరించినట్టు అనలేదు. పంటల కబురు చెప్పినట్టే అన్నాడు.

కరీముల్లా లోడు కట్టాక తాడు రెండుసార్లు లాగి చూడనిదే బండి తియ్యని మనిషి. వదులు ముడి కనిపిస్తే పరాయి వాళ్ల బండైనా ఆపి చెప్పే మనిషి. ఆ మనిషి కూతురి మొహం చూడకుండా, కూతురి కాళ్ల దగ్గర నేలను చూస్తూ అన్నాడు.

"చెప్పెయ్యమ్మా. ఒక్క మాటేగా. తాళం ఉందని చెప్పేయ్."

రేహానా తండ్రిని చూసింది. కోపం వస్తే బాగుండేది. రాలేదు. ఆయన చెప్పుల్లేని పాదాలు, వాటి మీద బండి కడిగిన నీళ్ల మరకలు, అవే కనపడుతున్నాయి. మాట్లాడితే ఏడుపు వస్తుందని పెదవి కొరుక్కుంది.

 పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు. అది ఆగేదాకా అందరూ దాని కోసమే ఆగినట్టు ఉండిపోయారు.

మిక్సీ ఆగాక వినపడింది, బయట గేటు దగ్గర ఆడగొంతు. "కరీముల్లాగారి ఇల్లు ఇదేనా అమ్మా?"

లోపలికి వచ్చినావిడను చూసి తిరుపతిరావు కుర్చీలోంచి సగం లేచాడు. డేవిడ్‌రాజు భార్య లూర్దమ్మ. నలిగిన చీర, చేతిలో ఖాళీ బట్టల సంచి.

"నువ్విక్కడికి ఎందుకొచ్చావే? వాడి దగ్గర ఎవరున్నారు?"

"మా అత్త ఉందండీ. మార్చుకోను బట్టల్లేక ఇంటికి పోతన్నా. చిల్లకల్లులో దిగి ఇటు ఆటో ఎక్కా." ఆమె తిరుపతిరావును అక్కడ చూసి ఆశ్చర్యపడలేదు. భయపడనూ లేదు. ఆసుపత్రి వరండాలో ఆ రెండూ అయిపోయినట్టున్నాయి. "కాలేజీ సారంట, నిన్న వచ్చాడండీ. సంతకం పెట్టమన్నాడు. మీ ఆయనే తాళం తీశాడని రాసుందంట అందులో. మా ఆయనేమో అసలు తాళమెక్కడిదే అంటన్నాడు. మత్తులో అంటన్నాడో, నిజంగా అంటన్నాడో నాకు తెలవలా. పెట్టె చేసిన లీడరమ్మ ఇక్కడే ఉంటదంటే, అడిగిపోదామని వచ్చా."

లీడరమ్మ. ల్యాబులో ఎన్నిసార్లు విన్నా వేళాకోళంగానే తోచిన మాట. ఈమె నోట వేళాకోళం లేదు. డాక్టరమ్మ అన్నట్టు, టీచరమ్మ అన్నట్టు అంది.

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. నేను మన ఊరికే పోతున్నా, కారెక్కు," అన్నాడు తిరుపతిరావు.

"ఎక్కుతానండీ. అడిగాక ఎక్కుతా."

కరీముల్లా దగ్గాడు. అది దగ్గు కాదని రేహానాకు తెలుసు. జైబున్నీసా మాత్రం గుమ్మంలోంచి కదిలి, వచ్చిన మనిషికి మంచం మీద చోటు చూపించింది. లూర్దమ్మ కూర్చోలేదు.

"తాళం లేదక్కా," అంది రేహానా.

"రేహానా!" నరేంద్ర తలుపు వదిలి ముందుకొచ్చాడు.

"తాళం లేదు. మీ ఆయన మత్తులో అన్లేదు, నిజమే అన్నాడు. ఆయన తప్పేం లేదు. షాకు కొట్టకుండా ఆపాల్సిన పెట్టె అది. ఆపకుండా దానికి తీగ కలిపారు. మోటారు ఆగిపోతందని కలిపారు. నువ్వు ఆ సంతకం పెట్టొద్దు."

నరేంద్ర మొహం తెల్లబడింది. తిరుపతిరావు కళ్లు మూసుకున్నాడు. కరీముల్లా గోడకు చెయ్యి ఆనించాడు.

రేహానాకు ఒకసారి తెరుచుకున్న నోరు ఆగలేదు. "పొలంలో తీసిన వీడియో నాకు పంపారక్కా, పోటీకి సరిచేసి పంపమని. అందులో మీ ఆయన పెట్టె పక్కన నిలబడి నవ్వుతా ఉన్నాడు. ఆయన భుజం వెనక ఎర్ర తీగ కనపడింది. వెంటనే ఫోన్ చేశా వీడికి. అది తీసెయ్, ప్రమాదమని చెప్పా. పోటీ వాళ్లు పొలానికొచ్చి చూసి వెళ్లాక తీస్తాలే లీడర్‌గారూ అన్నాడు. కావాలంటే అడుగు. నేను చెప్పా. రేపు విచారణలో కూడా ఇదే చెబుతా."

చెప్పి ఆమె వైపు చూసింది. ఏడుస్తుందేమో, చేతులు పట్టుకుంటుందేమో, కనీసం నరేంద్రను తిడుతుందేమో అనుకుంది.

లూర్దమ్మ నరేంద్ర వైపు చూడనేలేదు.

"ప్రమాదమని నీకు అప్పుడే తెలుసా అమ్మా?"

"తెలుసు."

"ఈ బాబుకి చెప్పావు."

"చెప్పా."

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"సారుకి చెబుదామనుకున్నా. అప్పటికింకా బహుమతి తేలలేదు. తెలిస్తే జట్టు పోటీలోంచి పోద్దేమోనని..." రేహానా గొంతు సన్నబడింది. "వీడు తీసేస్తానన్నాడు గదా, తీసే ఉంటాడనుకున్నా."

లూర్దమ్మ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది.

"మా ఆయనకి గూడా ఫోనుందమ్మా," అంది.